ముప్పై ఒకటో బస్సూ, సెవెరీనా మేస్త్రమ్మా

సెవెరీనా మేస్త్రమ్మకు మనుషుల పేర్లు గుర్తుండవు, బస్సుల నంబర్లు గుర్తుంటాయి. ఎల్ ఆల్తో నగరంలో మా సంఘానికి నలభై రెండు బస్సులున్నాయి. కాబట్టి ఆమె లెక్కలో ఈ లోకంలో డ్రైవర్లు నలభై ఇద్దరు. నేను ముప్పై ఒకటిని. నా అసలు పేరు ఒసీయెల్ అని మూడుసార్లు చెప్పి చూశాను. మూడోసారి ఆమె చేతిలోని బోర్డు మీంచి చూపు తిప్పకుండా, "మంచి పేరే. అయితే ముప్పై ఒకటీ, ఆ వైరు ఇలా అందుకో" అంది.

అడ్డా చివర, పొగలు కక్కే ఊదారంగు మొక్కజొన్న పానీయం, ఆపీ, అమ్మే బండికీ ప్రహరీ గోడకీ మధ్య, నీలం టార్పాలిన్ కింద ఆమె చోటు. బల్ల ఒకప్పుడు బస్సు తలుపు. దాన్ని నాలుగు ఖాళీ బీరు పెట్టెలు మోస్తుంటాయి. గోడకి ఒక మేకు. పని మొదలుపెట్టే ముందు తలమీది గుండ్రటి టోపీ తీసి ఆ మేకుకు తగిలిస్తుంది. టోపీ మేకుకు ఉంటే పని మాట తప్ప ఎవరూ ఏమీ అనకూడదు. టోపీ తలమీద ఉంటే కబుర్లు చెప్పొచ్చు, చీవాట్లు తినొచ్చు. చేతిలో బోర్డు లేనప్పుడు ఊలు అల్లుతూ కూర్చుంటుంది. ఎవరికోసం అల్లుతుందో తెలియదు. పదకొండేళ్ళుగా అదే గోధుమరంగు ఊలు.

పుట్టింది ఒరూరో దగ్గర తగరపు గని కాలనీలో. తండ్రి గని రేడియో స్టేషన్లో యంత్రాలు బాగుచేసేవాడు. గనులు మూతపడ్డప్పుడు కాలనీ మొత్తం పరుపులు లారీలకెత్తుకుని ఇక్కడికొచ్చి పడింది. అప్పటికి ఆమెకి పంతొమ్మిదేళ్ళు. అందరూ కుండలూ దుప్పట్లూ తెచ్చుకుంటే ఆమె తండ్రి వాడిన సోల్డరింగ్ ఐరన్ పావడాలో చుట్టి తెచ్చుకుంది. మొదట్లో సంతలో పాడైన బోర్డుల నుంచి ముక్కలు ఊడదీసి అమ్మేది. ఏ ముక్క దేనికి పనికొస్తుందని కొనేవాళ్ళు అడుగుతారు. చెప్పాలంటే తెలియాలి. అలా ఒక్కొక్కటే తెలుసుకుంది. తర్వాత సంతలో చోటు చెల్లెలికి వదిలేసి, పాత సెక్రటరీ పిలిస్తే మా అడ్డాకొచ్చింది.

నాకు యూనివర్సిటీలో సీటు రాలేదు. వచ్చినవాళ్ళలో సగం మంది రోజూ నా బస్సెక్కి, దిగేటప్పుడు చిల్లర లేదంటారు. అందువల్ల చదువుకున్నవాళ్ళ మీద నాకు గౌరవం తక్కువ. చదువుకోకుండా తెలిసినవాళ్ళ మీద కూడా పెద్దగా ఉండేది కాదు. మేస్త్రమ్మ విషయంలో ఆ రెండో అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది. దానికి కారణం మా మామ తగిలించిన దీపాలు.

బస్సు మా మామ దోన్ ఫెర్మీన్‌ది. ఇక్కడ పెద్దవాళ్ళ పేరుకి ముందు గౌరవంగా 'దోన్' అంటాం. నేను నడుపుతాను, ఆయన అలంకరిస్తాడు. కిందటేడు పేట పండగకి ముందు ఒక ఆదివారం, నన్ను అడక్కుండా, ఎడమవైపు పక్కదీపం వైరుకి ఇరవై నాలుగు దీపాలు తగిలించాడు. స్విచ్చి వేస్తే బస్సు పెళ్ళిపందిరిలా వెలిగింది. ఇద్దరం వెనక్కి నడిచి చూసేలోపే ఆరిపోయింది. నాలుగు అంకెలు లెక్కపెట్టేసరికి మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. అలాగే అడ్డాకు తీసుకొచ్చాం.

మేస్త్రమ్మ టోపీ తలమీదే ఉంది.

"ఏం ముప్పై ఒకటీ, నీ బస్సు కన్ను కొడుతోందేం? ఎవరిమీద పడింది మనసు?"

"ట్రాన్సిస్టర్ పోయిందంట మేస్త్రమ్మా" అన్నాడు మామ. "అది పీకేసి లావు వైరొకటి సూటిగా లాగేస్తే సరిపోద్దంట."

"ఎవరు చెప్పారు?"

"మూలమీద టైర్ల కొట్టతను."

"ముందు అతని బుర్ర పీకేసి లావు వైరు లాగమను. పనిచేస్తే మీకూ చేద్దాం."

ఆమె టోపీ మేకుకు తగిలించి, స్టీరింగు కింద పెట్టె విప్పి, బోర్డు మీద గోరంత నల్ల ముక్కని స్క్రూడ్రైవర్ మొనతో చూపించింది.

"ఇదీ మీ ట్రాన్సిస్టర్. చచ్చిపోలేదు, మీకన్నా ఆరోగ్యంగా ఉంది. ముప్పై ఒకటి మామగారూ, పాతకాలం ట్రాన్సిస్టర్ మీలాంటిది. ఎంత మోపితే అంత మోస్తానని ఎగబడి, సగం దారిలో గుండె పగిలి పోయేది. ఇది అలా కాదు. కరెంటు మరీ ఎక్కువ లాగితే ఇంతకుమించి ఇవ్వనని గీత గీస్తుంది. ఒళ్ళు వేడెక్కితే బరువు దించి కూర్చుంటుంది. చల్లబడ్డాక లేచి మళ్ళీ ఎత్తుకుంటుంది. పైగా పెద్ద పెట్టెకి కబురు పంపుతుంది, ఇక్కడెవడో తెలివితక్కువ పని చేశాడు చూడండి అని."

"ఎవడు చేశాడు?" అన్నాడు మామ, నిజంగానే తెలియక.

ఆమె కిటికీలోంచి ఇరవై నాలుగు దీపాల వైపు చూసింది.

"లావు వైరు లాగితే ఏమవుతుంది?" అని నేనడిగాను.

"ట్రాన్సిస్టర్ బదులు ఆ పాత సన్నవైరు వేడెక్కుతుంది. వైరుకి కూర్చోవడం తెలీదు బాబూ. ముందు సీట్లు అంటుకుంటాయి, తర్వాత నువ్వు."

మామ పదహారు దీపాలు ఊడదీసి గోనెసంచిలో వేసుకున్నాడు. సొంత పళ్ళు పీకించుకున్నవాడిలా ముఖం పెట్టాడు. ఎనిమిది మిగిలాయి. ఆ రోజునుంచీ అవి ఆరలేదు. నేను కూడా ఆ రోజునుంచే, వంతు వచ్చేదాకా బస్సులో పుస్తకం చదువుకోవడం తగ్గించి, టార్పాలిన్ కింద కూర్చోవడం మొదలుపెట్టాను.

అసలు గొడవ తర్వాత వచ్చింది. ఆగస్టునుంచి ముప్పై ఒకటో బస్సుకి పిచ్చి పట్టడం మొదలైంది. పొద్దున్నే తాళం తిప్పితే డాష్‌బోర్డులో ఉన్న దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగేవి. వాన లేకపోయినా వైపర్లు ఊగేవి. ఆగాక తలుపు తెరుచుకునేది కాదు. ఒకరోజు ఎండబెట్టిన బంగాళాదుంపల మూటతో ఒకావిడ కిటికీలోంచి దిగాల్సివచ్చింది. ముందు మూట, తర్వాత ఆవిడ, ఆ తర్వాత వీధి చివరిదాకా వినపడేలా నా ఏడు తరాల మీద తిట్లు. మధ్యాహ్నానికి బస్సు తనంతట తానే బాగుపడేది. నాలుగైదు రోజులు అలా ఏడిపించి, మూడు వారాలు నిక్షేపంగా నడిచేది. మళ్ళీ మొదలు.

మేస్త్రమ్మ దగ్గరికి తెస్తే ఆ గంటలో ఏ జబ్బూ కనిపించేది కాదు. రెండుసార్లు ఉత్తచేతులతో పంపించింది. ఆ సంగతి అడ్డా అంతా పాకింది. జనవరిలో దోన్ ఎలియోదోరో సంఘం సెక్రటరీ అయ్యాడు. ఒకటో నంబరు బస్సు ఆయనదే. ఎన్నికల్లో ఆధునికత తెస్తానని మాటిచ్చాడు. ఏదో ఒకటి తేవాలి కాబట్టి ఇంజినీర్ లింబెర్ట్‌ని తెచ్చాడు.

లింబెర్ట్ మంచివాడే, అది మొదట ఒప్పుకోవడం నాకిష్టం లేకపోయింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో పలకలాంటి స్కానర్. దాన్ని నా బస్సుకి తగిలించి, బస్సు దాచుకున్న పాత ఫిర్యాదులు కాసేపు చూసి, "ఆరు పెట్టెలు ఉండుండి పలకట్లేదు. తలుపుది, బ్రేకుది, ఇంజనుది, ఇంకో మూడు. ఆరూ మార్చాలి. బయటి దేశంనుంచి రావాలి, రెండు నెలలు పడుతుంది" అన్నాడు.

మేస్త్రమ్మ ఊలు అల్లుతూ విని, "ఆరుగురు ఒకేరోజు మూగవాళ్ళయ్యారా?" అంది.

"స్కానర్ అలా అంటోందమ్మా."

"ఆరుగురూ ఒకరి మాట ఒకరికి వినబడటం లేదని చెబుతున్నారు. అంటే ఆరుగురికీ గొంతు పోయినట్టా, మధ్యలో గాలి బాగాలేనట్టా?"

దోన్ ఎలియోదోరో గొంతు సవరించుకున్నాడు. "చూడు మేస్త్రమ్మా, నీమీద గౌరవం లేక కాదు. ఇవి కంప్యూటర్ బస్సులు. వీటికి కంప్యూటర్ వైద్యమే కావాలి. ఈ మూలలో ఇంజినీరు గారికి రేకుల గది వేయిద్దామని అనుకుంటున్నాం. శుక్రవారం మీటింగులో చేతులెత్తించేద్దాం."

సూదులు ఆగాయి. ఆ మూల పోతే ఆమెకి సోల్డరింగ్ ఐరన్ తగిలించుకోవడానికి ప్లగ్గు కూడా లేదు. సంతలో చోటు చెల్లెలి కొడుకులు ముగ్గురు పంచుకున్నారు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో బోర్డుల బస్తా భుజాన వేసుకుని వీధులు తిరగాలి. 

"శుక్రవారం లోపు ముప్పై ఒకటి జబ్బు నేను పట్టుకుంటే?"

"పట్టుకుంటే ఉంటావు."

"ఏ పెట్టే మార్చకుండా పట్టుకుంటాను."

"పట్టుకోలేకపోతే?"

"ఆ మేకు పీక్కుని పోతాను ఒకటో నంబరూ. మేకు నాది."

అది సోమవారం. మంగళవారం నేను బస్సు తిప్పలేదు. ఆమె బ్యాటరీ ఊడదీయించి, మీటరు రెండు తీగల మీద ఆనించి, "అరవై" అంది. గంట తర్వాత మళ్ళీ చూసి "అరవై" అంది. బుధవారం పొద్దున్న కూడా అరవయ్యే. ఆమె ముఖం చూస్తే ఆ అంకె మంచిదో చెడ్డదో తెలియడం లేదు.

"అరవై ఏంటి మేస్త్రమ్మా?"

"ఓములు. ఉండాల్సినంతే ఉన్నాయి. అదే నా ఖర్మ."

నాకేమీ అర్థం కాలేదని చూసి ఊలు సూదులు రెండూ తీసింది. బల్ల మీద వాటిని పక్కపక్కనే నిలబెట్టి పట్టుకుంది.

"ఈ బస్సులో ఒక్కో పెట్టెలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. దాని పని మాట్లాడటం, వినడం. మాటలు ఒక్కొక్క ముక్కగా, ఒకదాని వెనక ఒకటి వరసలో వెళ్తాయి. నీ బస్సెక్కే జనంలా కాదు. అన్ని పెట్టెలకీ కలిపి ఉన్నవి రెండు తీగలే. ఎవరూ మాట్లాడనప్పుడు రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి, ఇదిగో ఇలా. మాట్లాడేటప్పుడు చిప్పు ఒకదాన్ని పైకి తోస్తుంది, రెండోదాన్ని కిందికి లాగుతుంది." సూదుల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి జరిపింది. "వినేవాడు ఎత్తు చూడడు, మధ్య ఎడం చూస్తాడు. ఇప్పుడు బల్ల కుదుపు."

కుదిపాను. సూదులు రెండూ ఒకేలా వణికాయి.

"ఎడం మారిందా?"

"లేదు."

"అందుకే మీ మామ హారను గోలా, ఇంజను గోలా ఎంతున్నా వాటి మాట చెడదు. గోల రెంటినీ ఒకేలా కుదుపుతుంది. అందుకే ఆ తీగల్ని జడలా మెలేసి ఉంచుతారు. ఎక్కడికెళ్ళినా కలిసే ఉండాలి."

"అన్నీ ఒకేసారి మాట్లాడితే?"

"వాటికి మన సంఘం కన్నా మర్యాద ఎక్కువ. ప్రతి మాటకీ ఒక నంబరు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే చిన్న నంబరు మాట సాగుతుంది. రెండోవాడు అది విని అప్పటికప్పుడు ఊరుకుంటాడు, తన వంతు కోసం ఆగుతాడు. కుర్చీ విసరడు."

అరవై సంగతి కూడా చెప్పింది. ఆమె చిన్నప్పుడు తండ్రికి అన్నం పట్టుకుని గని నోటిదాకా వెళ్ళేదట. సొరంగం చివర నున్నటి బండ ఉంటే అరిచిన అరుపు తిరిగొచ్చి, తర్వాతి అరుపు మీద పడి, రెండూ కలగాపులగమయ్యేవి. చివర మెత్తటి మట్టి పోగు ఉంటే అరుపు అందులో ఇంకిపోయేది. ఈ తీగల రెండు చివర్లలోనూ అలాంటి మట్టిపోగులు పెట్టాలి. అవి చిన్న రెసిస్టర్లు, ఒక్కొక్కటి నూట ఇరవై ఓములు. రెండూ పనిచేస్తుంటే మీటరు అరవై చూపిస్తుంది. ఒకటి ఊడితే నూట ఇరవై చూపిస్తుంది.

"అరవయ్యే ఉంది కాబట్టి రెండూ ఉన్నాయి. అయినా కొన్ని రోజులు ఉండటం లేదు. ఏ రోజులో తెలిస్తే చాలు."

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ముందునుంచి చదివిన పుస్తకాల పేర్లు రాస్తాను, వెనకనుంచి బస్సు పెట్టిన బాధలు రాస్తాను. రెండూ మధ్యలో కలిసేనాటికి ఉద్యోగం మానేయాలని నా ఉద్దేశం. అది తెచ్చిచ్చాను. ఆమె వెనకనుంచి తెరిచి, తేదీల వెంట వేలు పెట్టుకుంటూ చదివింది. ఆగస్టులో మొదటి శనివారం, ఆ తర్వాతి సోమవారం. సెప్టెంబరులో మొదటి శనివారం, ఆదివారం, మంగళవారం. అక్టోబరు, నవంబరు, అలాగే జనవరిదాకా. ఆపీ బండి గోడకి తగిలించిన క్యాలెండర్ తెప్పించి పక్కన పెట్టుకుంది.

"ముప్పై ఒకటీ, నెలలో మొదటి శుక్రవారం వెళ్ళిన మర్నాడు ఏమవుతుంది?"

"తలనొప్పి" అన్నాను.

"నీకు కాదు. బస్సుకి."

మొదటి శుక్రవారం చాల్యా మొక్కు రోజు. భూదేవి పాచమామకీ బండికీ బీరు తాగించి, రంగుకాగితాల ముక్కలు చల్లి, మిగిలింది మేం తాగుతాం. అందరూ ముందు చక్రాల దగ్గర పోస్తారు. మామ కూడా అలాగే పోసేవాడు, ఆగస్టుదాకా. ఆగస్టులో జోస్యం చెప్పే తాతొకాయన, బస్సుకి నోరు తలుపే కదా, నోట్లో పోయకుండా కాళ్ళమీద పోస్తే దాహం ఎలా తీరుతుంది అన్నాడు. మామకి అది నచ్చింది. అప్పట్నుంచి తలుపు మెట్టు మీద పోస్తున్నాడు. మర్నాడు బస్సు మొరాయిస్తే, దాహం ఇంకా తీరలేదని మరో సీసా పోసేవాడు.

చెప్పడం పూర్తి చేయకముందే మేస్త్రమ్మ టోపీ తీసింది. టోపీని నా చేతిలో పెట్టి, స్క్రూడ్రైవర్ పట్టుకుని, మెట్టు పక్కన నేలమీద బోర్లా పడుకుంది. పావడా కుచ్చిళ్ళు అడ్డా మట్టిలో విసనకర్రలా పరుచుకున్నాయి. మెట్టు వెనక రేకు విప్పగానే పుల్లటి వాసన వచ్చింది. లోపల రెండు తీగల చివర, రెసిస్టర్ ఉన్న ప్లగ్గు. దాని చుట్టూ గులాబీ, పసుపు, ఆకుపచ్చ కాగితం ముక్కలు బీరులో నాని, పిండి ముద్దలా గట్టిపడి ఉన్నాయి. పిన్నులకి ఆకుపచ్చ చిలుము పట్టింది.

"అర గ్లాసు బీరు పట్రా."

"ఇప్పుడా?"

"నాకు కాదు, బస్సుకి."

ఆ ముద్ద మీద బీరు చిలకరించి మీటరు పెట్టింది. అరవై. ప్లగ్గుని వేలితో కొంచెం కదిపింది. అంకె నూట ఇరవైకి ఎగిరింది, పడింది, మళ్ళీ ఎగిరింది, ఎక్కడా నిలవలేదు. మేస్త్రమ్మ అలా బోర్లా పడుకునే నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అంతసేపు నవ్వడం నేను చూడలేదు.

"ఆరుగురు మూగవాళ్ళు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "పాపం, పక్కనే తాగుబోతు కూర్చుంటే ఎవరు మాత్రం మాట్లాడతారు?"

సాయంత్రం మామని పిలిపించింది. మామ చెప్పింది మొత్తం విన్నాడు. 

"అంటే పాచమామకి పోయొద్దంటావు."

"నేనెందుకంటాను? మా నాన్న పోయకుండా ఏనాడూ గనిలో అడుగు పెట్టలేదు. నేలకి పొయ్యండి. నేల తాగుతుంది. ప్లగ్గు తాగదు."

"బస్సుకి నోరు తలుపే."

"నోరైతే పళ్ళు కూడా ఉంటాయి మామగారూ. మీరు పోసేది పళ్ళ మీద పడుతోంది, చిలుము పడుతోంది."

"పెద్దాయన చెప్పాడు. తలుపు దగ్గరే పోస్తా. ఈ శుక్రవారం చాల్యాకి ఇంకా ఎక్కువ పోస్తా. నీ మూల కోసం నా బస్సుని దాహంతో చంపమంటావా?"

నేను మధ్యలో ఏదో అనబోయాను, "ఒరేయ్, పుస్తకాలు చదివి పెద్దవాళ్ళ మాటకి అడ్డం రావడం నేర్చుకున్నావు" అని నన్ను తిట్టాడు. మేస్త్రమ్మ కాసేపు బస్సువైపు చూసింది. ఆయన్ని ఒప్పించడానికి వారం పడుతుంది. రెండు రోజులే ఉన్నాయి.

"సరే" అంది. "మీ ఇష్టం వచ్చినచోట, ఇష్టం వచ్చినంత పొయ్యండి. నేనే జరుగుతాను."

గురువారమంతా ఆ పని చేసింది. పాడైన ప్లగ్గు కోసేసింది. కొత్తగా రెండు తీగలు తీసుకుని, ఒక చివర నన్ను పట్టుకోమని, రెండో చివర చేతి డ్రిల్లుకి బిగించి తిప్పింది. అవి చూస్తుండగానే జడలా మెలిపడ్డాయి. వాటిని తలుపు పక్క గొట్టంలోంచి పైకి, అద్దం వెనకున్న రేకు లోపలికి లాగింది. కోకో డబ్బా నిండా ఉన్న రెసిస్టర్లలో చారలు చూసి ఒక నూట ఇరవై ఏరి, ఆ చివర టంకం పెట్టి, తొడుగు వేసి వేడి చేసి బిగించింది. కిందా పైనా మీటరు పెట్టి చూసింది. అరవై.

"బీరు పైకి ఎగరదు కదా?" అన్నాను.

"మీ మామ సంగతి చెప్పలేం. అందుకే తొడుగు కూడా వేశాను."

శుక్రవారం పదకొండింటికి అడ్డా నిండిపోయింది. నిప్పుల కుంపటి మీద పొగ లేస్తోంది. బస్సులకి పూలదండలు. మీటింగు పెట్టే బల్ల మీద సంఘం జెండా. దోన్ ఎలియోదోరో ఎత్తుగా ఉండాలని బీరు పెట్టె మీద నిలబడ్డాడు. లింబెర్ట్ స్కానర్‌తో నా పక్క సీట్లో కూర్చున్నాడు. మేస్త్రమ్మ టార్పాలిన్ కింద, టోపీ తలమీద పెట్టుకుని ఊలు అల్లుతోంది. సూదులు మామూలు కన్నా వేగంగా కదులుతున్నాయి.

"ముందు చాల్యా, తర్వాత బండి తీయడం" అన్నాడు సెక్రటరీ. ఆ క్రమం ఎవరు పెట్టించారో నాకు తెలుసు. మేస్త్రమ్మే అడిగి పెట్టించింది.

మామ మెట్టు మీద ఒక సీసా పోశాడు. రంగుకాగితాలు చల్లాడు. రెండో సీసా పోశాడు. మేస్త్రమ్మ వైపు చూస్తూ మూడోది తెరిచాడు. ఆమె తల ఊపింది, కానివ్వండన్నట్టు. బీరు మెట్టు మీంచి కారి, రేకు వెనక్కి పోయి, కింద మట్టిలోకి ధారగా పడింది.

తాళం తిప్పాను. డాష్‌బోర్డు దీపాలు వెలిగి, ఒక్కొక్కటే ఆరాయి. వైపర్లు కదల్లేదు. తలుపు మీట నొక్కాను. తలుపు తెరుచుకుంది. మూశాను, మూసుకుంది. గుంపులో ఎవరో ఈల వేశారు.

"ఇంజినీరు గారూ?" అన్నాడు ఎలియోదోరో.

లింబెర్ట్ స్కానర్ చూశాడు. "ఆరూ పలుకుతున్నాయి."

"మళ్ళీ చూడండి."

"మళ్ళీ పలుకుతున్నాయి."

అప్పుడు మా మామ సంతోషం పట్టలేకపోయాడు. ఆయన బీరు పోయడంలో తప్పు లేదని నలుగురి ముందూ రుజువైంది కదా. పొద్దున నేను టీకి వెళ్ళినప్పుడు గోనెసంచిలోని పదహారు దీపాలూ మళ్ళీ తగిలించాడని నాకు తెలియదు. కిటికీలోంచి చెయ్యి దూర్చి స్విచ్చి వేశాడు. ఇరవై నాలుగూ ఒక్కసారి వెలిగాయి. అందరూ ఆహా అన్నారు.

ఆరిపోయాయి.

 దోన్ ఎలియోదోరో పెట్టె మీంచి కొంచెం ముందుకి వంగాడు. "అదిగో. చెప్పానా? చేతులెత్తించేద్దాం."

"ఒకటి" అంది మేస్త్రమ్మ టార్పాలిన్ కిందనుంచి. సూదులు ఆపలేదు. "రెండు. మూడు."

నాలుగు అనేలోపు దీపాలు వెలిగాయి.

"దానికి చెమట పట్టింది, కాసేపు కూర్చుంది" అంది ఆమె. "మోసేవాడు మంచివాడే. మోపినవాడి సంగతే ఆలోచించాలి."

ఎలియోదోరో లింబెర్ట్ వైపు చూశాడు. నేనూ చూశాను. అతను ఏం చెబితే అది సాగే సమయం. స్కానర్ ఉన్నవాడి మాట ఎవరూ కాదనరు. లింబెర్ట్ కిందికి దిగి, దీపాలు ఆరడం, వెలగడం ఇంకోసారి చూసి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"అది పాడవటం కాదు సెక్రటరీ గారూ. ఆ ట్రాన్సిస్టర్ తన్ను తాను కాపాడుకుంటోంది. అది లేకపోతే ఈపాటికి పొగ వచ్చేది. నేను ఆరు పెట్టెలు మార్చమన్నాను. మార్చినా ఈ జబ్బు పోయేది కాదు." కొంచెం ఆగి, "నేను మెట్టు వెనక చూడలేదు" అన్నాడు.

అలా ఒప్పుకునేవాణ్ణి నేను పుస్తకాల్లోనే చూశాను, అదీ తక్కువ. అతని గురించి అనుకున్నవి కొన్ని వెనక్కి తీసుకున్నాను.

మేస్త్రమ్మ ఉండాలనేవాళ్ళు చేతులెత్తమన్నప్పుడు ముప్పై తొమ్మిది లేచాయి. ఒకడు నిద్రపోతున్నాడు. ఒకడు రెండు చేతుల్లోనూ సీసాలున్నాయని తల ఊపాడు. మిగిలింది సెక్రటరీ చెయ్యి. అదీ ఆలస్యంగా, జెండా సర్దుతున్నట్టుగా లేచింది. మేస్త్రమ్మ సూదులు ఒళ్ళో పెట్టుకుని, ఆపీ గ్లాసులోంచి ఒక గుక్క నేలమీద ఒంపి, మిగతాది తాగింది.  

"మరి ఇంజినీరు గారి రేకుల గది?" అన్నాడు ఎలియోదోరో.

"గదెందుకు? ఆ బీరు పెట్టె ఇటు జరిపి కూర్చోమను" అంది మేస్త్రమ్మ. "ఎవరు మూగబోయారో అతని పలక చెబుతుంది, ఎందుకు మూగబోయారో నేను వెతుకుతాను. ప్లగ్గు మాత్రం ఒకటే. వంతులు."

లింబెర్ట్‌కి బస్సు లేదు, కాబట్టి నంబరు లేదు. ఏమని పిలవాలో ఆమెకి రెండు రోజులు తోచలేదు. తర్వాతనుంచి అతను అడ్డా అందరికీ 'ఆరు పెట్టెలు' అయ్యాడు. అతను పలుకుతాడు కూడా.

మామ ఆ సాయంత్రమే పదహారు దీపాలు ఊడదీశాడు. ఎవరూ చెప్పకుండానే ఊడదీశాడు, గోనెసంచి మాత్రం బస్సు వెనక సీటు కింద పెట్టాడు. మెట్టు మీద మాత్రం ఇప్పటికీ పోస్తూనే ఉన్నాడు. మా బస్సుకున్నంత శుభ్రమైన మెట్టు అడ్డాలో ఇంకో బస్సుకి లేదు.

సోమవారం పొద్దున్నే ఒకటో నంబరు బస్సు నీలం టార్పాలిన్ ముందు ఆగింది. దాని ముందు దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. అద్దం మీద కొత్తగా 'ఆధునికత' అని వెలిగే పెద్ద అక్షరాల బోర్డు, దానికి లెక్కలేనన్ని దీపాలు. దోన్ ఎలియోదోరో దిగి, ఎటో చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రమ్మ ఊలు పక్కన పెట్టింది. టోపీ తీసి మేకుకు తగిలించింది.